దాస్యవిమోచనానంతరము: అమెరికా నల్లజాతివారి జీవితమును చూపిన మూడు గ్రంథములు

(వార్షిక మహాసభయందు గావించిన ప్రసంగపాఠము)



ఈ యేటి మహాసభయందు సాహిత్యవిషయమేదేని ముచ్చటింపుడని కార్యదర్శివర్యులు మమ్ము కోరినప్పుడు వారి మనస్సులో కాళిదాసో, కవిత్రయమో యుండెనని మేమెఱుగుదుము. ముప్పదియైదేండ్లు పిల్లలచేత శబ్దమంజరిని వల్లె వేయించిన మానుండి వేఱొకటి యెవరాశింతురు? అయినను నేడు మేము దూరదేశమునకు పోదలచితిమి. దానికి కారణము కలదు. కొడుకో కూతురో అమెరికాలో లేని కుటుంబము మన సంఘమున నేడు అరుదు. ఆ బిడ్డలు ఏ నేలమీద ఇండ్లు కట్టుకొనుచున్నారో, ఆ నేలను మునుపెవరు దున్నిరో, దున్నినవారి మనుమలు ఏమి వ్రాసిరో తెలిసికొనుట మనకు పరాయి పని కాదు. మా మనుమరాలొకతె జార్జియా రాష్ట్రమునందలి అట్లాంటాలో చదువుకొనుచు, ఆ రాష్ట్రమును గూర్చిన చిన్న పుస్తకమొకటి మాకు పంపినది. అది ఆంగ్లమే కాని మేము బడిలో చెప్పిన యాంగ్లము కాదు. నెలదినములు దానితో పెనగులాడితిమి. దాని వెంబడి మఱి రెండు గ్రంథములు చదివితిమి. ఆ మూటిని గూర్చియే ఈ ప్రసంగము.

ముందుగా చరిత్ర కొంత చెప్పవలసియున్నది, త్వరగా చెప్పుదుము. 1860వ సంవత్సరపు జనాభాలెక్కలలో ఆ దేశమున బానిసలుగా వ్రాయబడినవారు సుమారు 40 లక్షలు. అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట 1865 డిసెంబరులో పదుమూడవ రాజ్యాంగసవరణ దాస్యమును రద్దుచేసెను. అయితే అందు నేరమునకు శిక్షగా విధించిన చాకిరి తప్ప అను నర్థమిచ్చు మినహాయింపు కలదు. వ్యాకరణము చదివినవారికి అపవాదసూత్రము బలమెట్టిదో తెలియును. తన తావున అది ఉత్సర్గమును త్రోసిపుచ్చును. ఇచట అంతకంటె నెక్కువయే జరిగినది. పనిలేక తిరుగుట నేరము, ఒడంబడిక తీరకముందే యజమానిని విడిచిపోవుట నేరము అని దక్షిణరాష్ట్రములు 1865, 1866లలో శాసనములు చేసినవి. అట్లు నేరస్థులైనవారిని గనులకును, రైలుమార్గపు పనులకును, తోటలకును కిరాయికిచ్చిరి. బానిసను కొన్నవానికి వాడు చచ్చినచో సొమ్ము నష్టమను భయమైన నుండెడిది. కిరాయికి తెచ్చుకొన్నవానికి ఆ భయమును లేదు.

భూమి సంగతి చూతము. 1865 జనవరిలో షెర్మన్ సేనాని సముద్రతీరపు భూములను కుటుంబమునకు 40 ఎకరములవఱకు పంచుడని యుత్తరువు చేసెను. లింకన్ హత్యానంతరము అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ ఆ యేడే ఆ భూములను పూర్వపు దొరలకు మరల నిప్పించెను. భూమిలేని స్వతంత్రుడు ఏమి చేయును? పాతదొర పొలమునే పాలుకు దున్నెను. విత్తనములు, నాగలి, కంచరగాడిద, ఏడాది తిండి, అన్నియు దొరవద్దనో అంగడివానివద్దనో అరువు. పత్తి అమ్మిననాడు లెక్క వ్రాయువాడు దొర. చదువురాక వినువాడు సేద్యగాడు. ఏటికేడు బాకీ మిగిలెడిది. మన పల్లెలలో ఖాతాపుస్తకము ముందు చేతులు కట్టుకొని నిలిచిన వృద్ధులెవరేని ఈ సభలో నున్నచో వారికి దీనిని వివరింపనక్కఱలేదు. 1877లో కేంద్రసేనల కాపుదల తొలగెను. 1896లో సర్వోన్నతన్యాయస్థానము ప్లెస్సీ వ్యాజ్యెమున, జాతులను వేఱుగా నుంచవచ్చును, వసతులు సమానముగా నున్న చాలునని తీర్పు నిచ్చెను. వేఱుచేయుట మాత్రము చక్కగా సాగినది. దీనికితోడు మూకహత్యలు. 1877 మొదలు 1950 వఱకు 4,400కు పైబడిన నల్లజాతివారిని మూకలు చంపినవని అలబామాలోని యొక న్యాయసేవాసంస్థ లెక్క తేల్చి, 2018లో మాంట్గొమెరీ నగరమున వారి స్మారకమును నెలకొల్పినది. అందు కౌంటీకొకటి చొప్పున 800కు పైగా ఉక్కుస్తంభములు గలవు; వానిమీద పేర్లు చెక్కియున్నారు. పేరు తెలియనివారికి తెలియదనియే చెక్కిరి.

ఇక వాఙ్మయము. దాస్యకాలమున తప్పించుకొని వచ్చినవారు తమ కథలు తామే వ్రాసికొనిరి. ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రకటించిన స్వీయచరిత్ర వానిలో మిక్కిలి ప్రసిద్ధము. ఆ కథలకు ఒక నడక కలదు: సంకెల, పలాయనము, స్వాతంత్ర్యము. మన నాటకలక్షణమున ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని చెప్పిన యైదవస్థలు వానికి చక్కగా సరిపోవును. కాని ఫలాగమమైన పిమ్మట పుట్టినవాని కథ యెట్లు వ్రాయవలెను? ఫలము నీ చేతికి వచ్చినదని శాసనము చెప్పుచున్నది. చేయి తెఱచి చూచుకొన్నచో ఏమియు లేదు. ఆ బ్రతుకునకు పాత నడక పనికిరాదు. 1920 ప్రాంతమున వచ్చిన నల్లజాతి రచయితలలో కొందఱు కథను ముక్కలు చేసిరి, గద్యపద్యములను కలిపిరి, వరుసను తారుమారు చేసిరి. అదే కాలమున ఐరోపాలో జాయిస్, ఎలియట్ మొదలగువారును ఇట్టి పనియే చేసిరి. విమర్శకులు వీరినందఱిని ఆధునికతావాదులని యొకే త్రాట కట్టుదురు. మాకు భేదము కనబడుచున్నది. ఎలియట్ తన నాగరికత విఱిగినదని దుఃఖించెను. వీరికి అట్టి నాగరికత చేతికందనే లేదు. వీరికిచ్చిన మాట విఱిగినది.

మా మనుమరాలు పంపిన గ్రంథము పేరు 'కేన్', అనగా చెఱకు. దానిని వ్రాసినవాడు జీన్ టూమర్. ఇతడు 1894లో వాషింగ్టన్ నగరమున జన్మించెను. మాతామహుడు పించ్‌బ్యాక్ అను నాతడు 1872, 1873 సంధికాలమున సుమారు ఐదు వారములు లూయిసియానా రాష్ట్రమునకు గవర్నరుగా నుండెను. ఆ దేశమున అట్టి పదవి నందిన మొదటి నల్లజాతివాడు అతడే. అంతటి యింట పుట్టి, తెల్లవాడని చూచువారు భ్రమపడునంత చాయగల టూమర్, 1921లో జార్జియా నడుమనున్న స్పార్టా అను చిన్న పట్టణమునకు పోయి, అచటి నల్లజాతి పిల్లల వ్యవసాయ పారిశ్రామిక పాఠశాలలో తాత్కాలిక ప్రధానోపాధ్యాయుడుగా రెండు నెలలు పనిచేసెను. అచట లోయలో పాడుకొను జానపదుల పాటలు వినెను. ఆ పాటలు చచ్చిపోవుచున్నవని, పాడువారు నగరములకు తరలిపోవుచున్నారని గ్రహించెను. తిరుగు రైలులోనే వ్రాయ నారంభించెనట. 1923లో పుస్తకము వెలువడెను. మెచ్చినవారు మెచ్చిరి, కొన్నవారు కొద్దిమంది.

ఇది నవలయా, కథాసంపుటియా, కావ్యమా యని ఆంగ్లవిమర్శకులు నూఱేండ్లుగా తర్కించుచున్నారు. ఈ తర్కము మాకు కొంత నవ్వు తెప్పించినది. గద్యపద్యమయమైనదానికి మన ఆలంకారికులు వేయేండ్ల క్రిందనే చంపువని పేరుపెట్టిరి. భోజుని రామాయణము చదివినవానికి 'కేన్' నిర్మాణమునందు వింత లేదు. వింత వేఱొకచోట నున్నది. చంపువునందు పద్యము అలంకారము. కథ గద్యమున నడచి, రసము చిక్కనైనచోట పద్యమగును. టూమరునందు పద్యము గద్యమును నమ్మదు. ఒక స్త్రీ చక్కదనమును గూర్చి గద్యమున చెప్పి, పిమ్మట కోతకాండ్ర కొడవళ్లను గూర్చి చిన్న పద్యము పెట్టును. ఆ కొడవలి ఎవరి మెడమీదికో అతడు చెప్పడు. ఇది ధ్వని. ఆనందవర్ధనుడు చూచినచో తలయూచెడివాడని మా యభిప్రాయము.

మొదటి భాగమంతయు జార్జియా పల్లెలోని స్త్రీలు. బెకీ యను తెల్లనామె ఇద్దఱు నల్లబిడ్డలను కనెను. తెల్లవారును నల్లవారును ఆమెను వెలివేసిరి. అయినను రెండు జాతులవారును రహస్యముగా ఆమెకు గుడిసె కట్టి తిండి చేర్చిరి. ఆ గుడిసె రైలుపట్టాలకును బాటకును నడుమ ఇఱుకునేలలో నున్నది. తుదకు పొగగొట్టము కూలి ఆమెపై పడును. బయట నిలిచినవారు బైబిలొకటి ఆ శిథిలముమీద విసరి పరువెత్తుదురు. దయయు భయమును ఒకే మనుష్యుల యందు ఒకే నాడు ఎట్లుండునో ఈ నాలుగు పుటలలో చూచితిమి.

ఆ భాగము చివరి కథలో టామ్ బర్వెల్ అను నల్ల కూలివాడును, బాబ్ స్టోన్ అను దొరకొడుకును లూయిసా యను నొక పడుచును కోరుదురు. బాబ్ మనస్సులో నొక మాట మెదలును: తాతలనాడైనచో తాను ఈమెకొఱకు ఇట్లు దొంగవలె చెఱకుతోటలో దూరవలసిన పని లేదు గదా యని. దాస్యము పోయినది, దాని యాశ పోలేదు. కత్తులు దూయుదురు, బాబ్ చచ్చును, మూక టామును పట్టి తగులబెట్టును. మన నాటకశాస్త్రము రంగస్థలమున వధ చూపరాదనెను. ఆ నియమమును మేము జీవితమంతయు సమర్థించితిమి, ఇప్పటికిని సమర్థింతుము. కాని ఇచట నొకటి గమనింపవలెను. జార్జియాలో ఆ వధ తెరవెనుక జరుగలేదు. జనులు బండ్లు కట్టుకొని చూడబోయిరి, ఛాయాచిత్రములు తీయించి ఉత్తరపు కార్డులుగా పంపుకొనిరి. లోకమే దానిని రంగముమీద నాడినది. 1922 జనవరిలో మూకహత్యలను కేంద్రశాసనముచే శిక్షింపవలెనను బిల్లు అమెరికా దిగువసభలో నెగ్గెను. ఎగువసభలో దక్షిణాది సభ్యులు దానిని అడ్డగించి చంపిరి. అట్టి శాసనము వచ్చినది 2022 మార్చిలో. నడుమ నూఱేండ్లు గడచినవి.

రెండవ భాగము వాషింగ్టన్, షికాగో నగరములు. 1910 మొదలు 1970 వఱకు సుమారు 60 లక్షలమంది నల్లజాతివారు దక్షిణమును విడిచి ఉత్తరమునకును పడమటికిని పోయిరి. పురుగు తిన్న పత్తి వారిని గెంటినది, యుద్ధకాలపు కర్మాగారములు పిలిచినవి, మూకలభయము తఱిమినది. ఈ భాగమున మాకు నచ్చినది రోబర్ట్ అను చిత్రము: ఒకడు ఈతగాని యినుపటోపివలె తన యిల్లు తలపై మోయుచు బురదలో క్రుంగిపోవును. ఆస్తి సంపాదించుట యొక్కటే స్వాతంత్ర్యమనుకొన్నవాని చిత్రమిది. తక్కిన నగరకథలు మాకంతగా రుచింపలేదు. కొన్ని అర్థమును కాలేదు.

మూడవది 'కాబ్నిస్' అను దీర్ఘకథ. సగము నాటకము, సగము గద్యము. ఇది మమ్ము విశేషముగా పట్టుకొనెను, ఏలయన దీని నాయకుడు బడిపంతులు. ఉత్తరాదినుండి జార్జియాకు పాఠములు చెప్ప వచ్చినవాడు. మొదటి రాత్రియే గుడిసె పగుళ్లనుండి గాలి యీలవేయుచుండగా నిద్రపట్టక, ప్రక్కగదిలోని కోడి యఱచినదని దాని మెడ విఱుచును. భయపడినవాని కోపము ఎవరిపై తీరునో ఆ కోడి చెప్పుచున్నది. మఱునాడు లేమన్ అను బోధకుడు పదునెనిమిదవ నెలపట్టిన గాయమును చెప్పినట్లు, నెమ్మదిగా, ఒక గర్భిణిని మూక చంపిన కథ చెప్పును. ఇది కట్టుకథ కాదు. 1918 మే నెలలో జార్జియాలో మేరీ టర్నర్ అను నామెకు జరిగినదానినే కవి పేరు మార్చి చెప్పెను. స్త్రీలున్న సభయందు దానిని వర్ణింపము. ఆ కథ వినుచుండగనే కిటికీనుండి ఱాయి వచ్చి పడును. దానికి చుట్టిన కాగితమున, ఉత్తరాదివాడా, పొమ్ము అను బెదరింపు. అది వేఱొకనికై వ్రాసినది. కాబ్నిస్ తనకేయని తలచి పొలములవెంట పరువెత్తును. పిమ్మట పాఠశాలాధ్యక్షుడు హాన్బీ వచ్చి, జాత్యభ్యున్నతిని గూర్చి గంభీరముగా నుపన్యసించి, త్రాగినాడని కాబ్నిసును ఉద్యోగమునుండి తొలగించును. తెల్లవారియెదుట వంగియు, తనవారియెదుట విఱుచుకొనియు నడచునట్టి అధ్యక్షులను మేమును చూచితిమి, పేర్లు చెప్పము.

ఉద్యోగము పోయిన పంతులు హాల్సీ యను బండ్లుచేయువాని కొట్టులో పనికి కుదురును. పిడి చెక్కుట చేతకాదు. ఆ కొట్టు క్రింద నేలమాళిగ యున్నది. అందొక కుర్చీలో ముసలివాడొకడు కూర్చుండియుండును: చూపు లేదు, మాట లేదు. దాస్యమునందు పుట్టి పెరిగినవాడు. హాల్సీ చెల్లెలు క్యారీ కేట్ అను బాలిక దినమును అతనికి అన్నము తెచ్చి తినిపించును. లూయిస్ అను నాగంతకుడు ఆ ముసలివానికి ఫాదర్ జాన్ అని పేరుపెట్టును. ఆ నేలమాళిగలో నొక రాత్రి, కాబ్నిస్ త్రాగియుండి, ఈ ముసలివాడు నా పూర్వుడు కాడు, నా పూర్వులు దక్షిణదేశపు కులీనులు అనును. నల్లవారును గదా యని లూయిస్ చేర్చును. కాబ్నిస్ ఆ రెంటికిని భేదమెంతయు లేదని తప్పించుకొన జూచును. నీచేత కాదనిపించునంత భేదమున్నదని లూయిస్ సమాధానము.

మహాశయులారా, ఈ యొక్క ఘట్టముకొఱకే మేమీ ప్రసంగమును ఎంచుకొంటిమి. మన సంచికలలో ఏటేట వంశావళులు ముద్రింపబడుచుండును. మేమును రెండు మూడు కూర్చి యిచ్చియున్నాము. అందు దానములు చేసినవారు, అగ్రహారములు పొందినవారు, బిరుదులు గలవారు కనబడుదురు. ఎవరి తాత నేలమాళిగలో కూర్చుండినాడో ఏ వంశావళియు చెప్పదు. ఎవరి తాత మఱియొకని నేలమాళిగలో కూర్చుండబెట్టెనో అదియు చెప్పదు.

తెల్లవాఱుజామున ముసలివాడు నోరు తెఱచును. పాపము అను మాటయే మాటిమాటికి గొణగి, తుదకు, దాస్యమునకు ధర్మగ్రంథముచేత సాక్ష్యము పలికించుటయే తెల్లవారి పాపమను నర్థమిచ్చు తడబాటుమాటలు నాలుగు చెప్పును. నోవా శాపకథను చూపి దాస్యము దైవవిహితమని దక్షిణాది బోధకులు ఉపన్యసించిన మాట చరిత్రసిద్ధము. శాస్త్రము చదివి, శాస్త్రమునకు అర్థము చెప్పి బ్రతికిన మాకు ఆ ముసలివాని మాట కొంచెము గట్టిగనే తగిలినది. కాబ్నిస్ మాత్రము ఇంతేనా యని యీసడించును. ఇన్నాళ్ల మౌనమునకు ఇంకను పెద్దమాట ఏదో వచ్చునని అతడాశించెను కాబోలు. పిమ్మట చల్లారిన బొగ్గుల బొక్కెన పట్టుకొని మెట్లెక్కి పనికి పోవును. బాలిక ముసలివానిముందు మోకరిల్లును. బయట సూర్యుడుదయించును. పుస్తకము ముగియును.

ఇంత వ్రాసిన టూమర్ పిమ్మట ఏమాయెను? నల్లజాతి రచయిత యని తన్ను ప్రచారము చేయవలదని ప్రకాశకులతో వాదులాడెను. తాను క్రొత్త అమెరికాజాతివాడననెను. గుర్జియేఫ్ అను గురువునకు శిష్యుడాయెను, 1939లో మన దేశమునకును వచ్చెను, 1967లో మరణించెను. 'కేన్' వంటిది మరల వ్రాయలేదు. తన కాబ్నిసువలెనే తానును నేలమాళిగను కాదనెనని కొందఱందురు. ఏ జాతిపేరును అంగీకరింపకుండుట యతని హక్కని మఱికొందఱందురు. మేము రెండవ మాటను త్రోసివేయజాలము. అయినను మొదటి మాటయే మా మనస్సులో నిలిచియున్నది.

ఇచట మనవారికి సంబంధించిన యొక ముచ్చట చెప్పవలెను. 'కేన్' వెలువడిన 1923లోనే, ఫిబ్రవరిలో, అమెరికా సర్వోన్నతన్యాయస్థానము భగత్ సింగ్ థిండ్ అను పంజాబీయుని వ్యాజ్యెమున తీర్పుచెప్పెను. అప్పటి చట్టము ప్రకారము తెల్లవారికిని ఆఫ్రికాసంతతివారికిని తప్ప అన్యులకు పౌరసత్వము లభింపదు. థిండ్ ఆ దేశసైన్యమున పనిచేసినవాడు. అతని పక్షమున చేసిన వాదమేమనగా: ఇతడు ఉన్నతకులజుడైన హిందూదేశీయుడు, ఆర్యుడు, కులనియమముచేత రక్తము కలుషితము కానివాడు, కావున తెల్లవాడేయని. ఆఫ్రికావారికి తెఱచియున్న ద్వారమున పోవుదునని అతడనలేదు. సామాన్యజనుల వాడుకలో ఇతడు తెల్లవాడు కాడని న్యాయమూర్తులు త్రోసిపుచ్చిరి. అంతకుమునుపు పౌరసత్వము పొందిన మనవారు పలువురు దానిని కోలుపోయిరి. 1946లో ఏటికి 100మంది చొప్పున ద్వారము కొంచెము తెఱవబడెను. పూర్తిగా తెఱచినది 1965 శాసనము. నల్లజాతివారి పౌరహక్కుల పోరాటము 1964, 1965లలో సాధించిన శాసనముల వెంబడి, ఆ వేడిలోనే అది వచ్చినది. మన బిడ్డలు పోయినది ఆ ద్వారముననే.

రెండవ గ్రంథము జోరా నీల్ హర్స్టన్ అను విదుషీమణి 1937లో ప్రకటించిన నవల. దాని పేరునకు వారి కన్నులు దైవమును చూచుచుండెను అని యర్థము. ఈమె 1891లో అలబామాలో పుట్టి, ఫ్లోరిడాలోని ఈటన్‌విల్ అను నూరిలో పెరిగెను. ఆ యూరు 1887లో నల్లజాతివారే తమకై స్థాపించుకొన్న పురపాలకము. ఆమె తండ్రియు దానికి మేయరుగా నుండెను. కావున ఈమె బాల్యమున తెల్లవాని కన్నుతో తన్ను తాను చూచుకొనవలసిన యవసరము లేకపోయెను. తరువాత న్యూయార్కులో మానవశాస్త్రము నభ్యసించి, ఊరూర తిరిగి కథలు సేకరించెను.

నవలలో నానీ యను ముసలమ్మ దాస్యమునందు బిడ్డను కని, యజమానురాలి కొరడాకు వెఱచి, ఆ పసికందుతో చిత్తడినేలలలో దాగినది. స్వతంత్రురాలైన పిమ్మట ఆమెకు ఒకే కోరిక: మనుమరాలు జేనీ, దొరసానివలె అరుగుమీద సుఖముగా కూర్చుండవలెను. అందుకై 60 ఎకరములుగల ముదిపెండ్లికొడుకునకు ఆమెనిచ్చి చేయును. నేటి పాఠకులు నానీని తిట్టుదురు. మేము తిట్టము. ఒడలిమీద హక్కులేక బ్రతికినదానికి 60 ఎకరములును నాలుగు గోడలును మోక్షమువలె తోచుటలో తప్పేమి? జేనీకి మాత్రము అది చాలదు. ఆమె ఆ యింటినుండి వెడలి జో స్టార్క్స్ అను చురుకైనవానితో ఈటన్‌విల్ చేరును. అతడు మేయరగును, అంగడి పెట్టును, వీథిదీపము నిలుపును. భార్యను తల కట్టుకొమ్మనును, అరుగుమీది మాటలలో పాల్గొనవలదనును. ముసలమ్మ కోరిన అరుగు దొరికినది. దానిమీద నోరు కట్టబడినది. మూడవవాడు టీకేక్ అను కూలివాడు. వానితో జేనీ చిక్కుడుచేలలో పనిచేసి నవ్వుట నేర్చును. 1928 సెప్టెంబరులో ఓకీచోబీ సరస్సు గట్టు తెగి 2,500కు తక్కువగాక జనులు మరణించిన తుపాను ఈ కథకు ప్రళయము. శవములను పూడ్చునప్పుడు తెల్లవారికి పెట్టెలు, నల్లవారికి సున్నము అని విడదీయుమని టీకేకునకు తుపాకులవారు ఆజ్ఞాపింతురు. నీటిలో నానిన శవముల రంగు నిర్ణయించుట యెట్లో ఆమె వ్రాసిన తీరులో హాస్యమున్నది; ఆ హాస్యము చదువువాని గొంతు పట్టుకొనును.

ఈమె పాత్రలచేత పల్లెభాషను ఉన్నదున్నట్లు పలికించెను. రిచర్డ్ రైట్ అను ప్రసిద్ధనవలాకారుడు దీనిని తెల్లవారికి వినోదము కల్పించుటయని యా యేడే నిందించెను. మన దేశమున గిడుగు రామమూర్తిపంతులవారు లేవదీసిన వాదము నెఱిగినవారికి ఈ కలహము క్రొత్తది కాదు. మేము గ్రాంథికమునే వ్రాయుచున్నాము, వ్రాయుచునే పోదుము. కాని పాత్రౌచిత్యము వేఱు. శాకుంతలమున జాలరి సంస్కృతము మాటలాడడు గదా. మఱొకటి చూడుడు. 1860లో అమెరికాకు బానిసలను తెచ్చిన కడపటి యోడలో వచ్చిన కోసోలా యను వృద్ధుని 1927లో ఈమె కలిసికొని, అతని కథను అతని మాటలలోనే వ్రాసెను. భాష దిద్దిననేగాని అచ్చువేయమని ప్రకాశకులనిరి. ఈమె దిద్దలేదు. ఆ గ్రంథము 2018 వఱకు వెలుగు చూడలేదు. ఆమెయు పేదఱికమున 1960లో మరణించెను. సమాధిపై ఱాయి లేదు. 1973లో ఆలిస్ వాకర్ అను రచయిత్రి వెదకి పోయి ఱాయి పాతించెను.

మూడవది రాల్ఫ్ ఎల్లిసన్ 1952లో ప్రకటించిన 'ఇన్విజిబుల్ మ్యాన్', అనగా కనబడని మనుష్యుడు. గీతను చదివి మెచ్చిన ఎమర్సన్ మహాశయుని పేరు, రాల్ఫ్ వాల్డో యని, ఇతనికి తండ్రి పెట్టెను. కథ పెద్దది, రెండు మూడు సంగతులు మాత్రము చెప్పుదుము. నాయకుడు చదివిన కళాశాలలో స్థాపకుని విగ్రహమొకటి యున్నది: మోకరిల్లిన బానిస ముఖముమీద స్థాపకుడు ముసుగు పట్టుకొనియుండును. ఆ ముసుగు ఎత్తుచున్నాడో, ఇంకను గట్టిగా దించుచున్నాడో తనకు తెలియలేదని నాయకుడనును. విద్యాసంస్థలలో బ్రతికినవారు ఈ ప్రశ్నను ఊరక విడువరాదు. తరువాత న్యూయార్కు హార్లెములో ఒక వృద్ధదంపతులను అద్దెయింటినుండి వెడలగొట్టుచుండగా, వీథిలో పాఱవేసిన సామానులలో అతనికొక కాగితము దొరకును: 1859లో దొర వ్రాసియిచ్చిన విడుదలపత్రము. ఎంతయో పాతకాలపుదనుకొన్న దాస్యము తన చేతిలో మడతపడిన కాగితముగా నున్నది. తుదకు అతడును నేలమాళిగ చేరును. విద్యుత్సంస్థకు తెలియకుండ 1,369 దీపములు వెలిగించుకొని కూర్చుండును. దానికిముందు, చీకటిలో దారి కానక, తన సంచిలోని పత్రములను, అనగా చదువుపట్టమును, ఇతరులు తనకు పెట్టిన పేరుగల చీటిని, ఒక్కొక్కటిగా కాల్చి ఆ వెలుతురున నడచును. టూమరు నేలమాళిగలో కూర్చున్నవాడు పూర్వుడు. ఎల్లిసన్ నేలమాళిగలో కూర్చున్నవాడు మనుమడు. ఈ మనుమనికి నోరున్నది, ఆయుధముగా వ్రాత యున్నది. అయినను స్థలము మాఱలేదు.

మన సంఘ గ్రంథాలయమునకు ఈ మూడు పుస్తకములును కొనుటకు కార్యదర్శివర్యులు సమ్మతించినారు, వారికి కృతజ్ఞులము. ఆంగ్లము రానివారికొఱకు 'కాబ్నిస్' భాగమును తెనిగింప బూనుకొంటిమి. ముప్పదియాఱు పుటలు పూర్తియైనవి. లేమన్ కథయు, హాన్బీ యుపన్యాసమును సులువుగానే నడచినవి. హాన్బీకి మా గ్రాంథికము చక్కగా నమరినది. ఫాదర్ జాన్ నోరు తెఱచుచోట ఆగియున్నాము. ఆతనిచేత గ్రాంథికము పలికింపరాదు. ఏ జిల్లా మాట పలికించినను ఆతడు ఆ జిల్లావాడై కూర్చుండును, జార్జియావాడు కాడు. బ్రతుకంతయు మాటలాడనివాని నోట మొదట వచ్చు మాట యేదో, సభలోని పెద్దలెవరికైన తోచినచో మాకు జాబు వ్రాయుదురుగాక.